ఎవరో వాడిన డ్రైవు

“సెకండ్ హ్యాండా!”

హార్డ్ డ్రైవును రెండు వేళ్లతో పట్టుకుని, చచ్చిన బొద్దింకను చూసినట్టు చూశాడాయన.

“డబ్బా కొత్తదేనండీ. లోపలి సరుకే పాతది. సందు చివర రిపేరు షాపులో బిగించి ఇచ్చారు,” అంది భార్య, ఎవరిదో ప్యాంటు అంచు మడిచి కుట్టుమిషను కింద పెడుతూ.

ఆయనది లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగం. ఇంటికొచ్చినా ఆ ఉద్యోగం దిగడు. పాలు కాచామంటే మూత తీసి చూడాల్సిందే. తాళం వేశామంటే వెనక్కొచ్చి లాగి చూడాల్సిందే. చుట్టాలంతా చాటున ఆయన్ని ‘తనిఖీగారు’ అంటారు. కొందరు మొహం మీదే అంటారు.

ఈసారి మాత్రం ఆయన భయానికి అర్థముంది. పోయిన అమ్మ గొంతు ఆ ఇంట్లో ఒక్కచోటే మిగిలింది. మనవరాలికి ఆవిడ కథలు చెబుతుండగా తీసిన వీడియోలన్నీ పాత లాప్‌టాప్‌లో ఉన్నాయి. అదేమో కొన్నాళ్లుగా బుద్ధి పుడితే లేస్తోంది, లేకపోతే లేదు.

“వెంటనే ఇందులోకి ఎక్కించేద్దామండీ,” అంది భార్య.

“ఎవడు వాడాడో, ఎలా వాడాడో తెలీకుండా అమ్మను ఇందులో పెట్టమంటావా?”

“వాడినాయన చాలా జాగ్రత్తపరుడేనండీ.”

“ఎవరు చెప్పారు?”

“ఆయనే చెప్పుకుంటుంటాడు.”

“అదిగో! మరి అంత జాగ్రత్తపరుడు దీన్నెందుకు వదిలించుకున్నాడట?”

ఆవిడ దారం కొరుకుతూ తల వంచుకుంది.

ఆయన ఆఫీసు కంప్యూటరు ఇంటికి మోసుకొచ్చాడు. అందులో సొంత ఫైళ్లు పెట్టకూడదని రూలుంది కానీ, పరీక్షలు చేయకూడదని లేదు. ముందు డ్రైవుకు చెవి ఆనించి విన్నాడు. తర్వాత, అది ఇన్నాళ్లూ ఎలా నడిచిందో చెప్పే వివరాలు తెర మీదికి తెప్పించాడు. ఇక మొదలైంది పురాణం.

“చూడు, నడుస్తుండగానే ఎన్నిసార్లు వైరు పీకేశాడో! మనిషా, పశువా?”

“అయ్యో,” అంది ఆవిడ.

“రాత్రనకా పగలనకా నడిపాడు. ఇసుమంత జాలి లేదు.”

“పెళ్లాం చెప్పే ఉంటుందండీ.”

“ఇలాంటోడు పెళ్లాం మాట వింటాడా?”

“వినడండీ,” అని ఆవిడ మిషను జోరుగా తొక్కింది.

డ్రైవు బాగానే ఉందని వివరాలు చెబుతున్నా ఆయనకు నమ్మకం కుదరలేదు. పనికిరాని ఫైళ్లతో దాన్ని అంచులదాకా నింపి, మళ్లీ మొత్తం చదివించి, రాసింది రాసినట్టే ఉందో లేదో సరిచూసే పరీక్ష పెట్టాడు. అది తెమలదు. మర్నాడు ఆవిడ లాప్‌టాప్ మీట నొక్కితే తెర వెలగలేదు.

ఆవిడకు నవ్వులాట పోయింది. “ఇక చాలండీ. అత్తయ్య గొంతు మళ్లీ ఎక్కడా దొరకదు.”

ఆయన మొహం పాలిపోయింది. “సగంలో ఆపితే అది తనిఖీ ఎలా అవుతుంది?” అన్నాడు. ఆ సాయంత్రమంతా లాప్‌టాప్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

మొత్తానికి పరీక్ష ముగిసింది. ఒక్క తప్పూ లేదు. లాప్‌టాప్ మీట నొక్కాడు. లేవలేదు. మళ్లీ నొక్కాడు. ఈసారి ఏం దయ కలిగిందో, లేచింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి వీడియోలన్నీ డ్రైవులోకి ఎక్కించారు. చివరి వీడియో చేరిందో లేదో, లాప్‌టాప్ ఆరిపోయింది. ఎన్నిసార్లు నొక్కినా ఇక పలకలేదు.

డ్రైవులోంచి ఒక వీడియో పెట్టాడు. “ఊఁ కొట్టవే పిల్లా, లేకపోతే చెప్పను,” అంది అమ్మ. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. ఆవిడా తుడుచుకుంది.

కాసేపటికి తనిఖీగారికి ప్రాణం లేచొచ్చింది. ప్రాణంతోపాటు నోరూ లేచింది.

“చూశావా? పరీక్షిస్తేనే కదా దీని విలువ తెలిసింది! ఇంత బంగారంలాంటి డ్రైవును వదులుకున్నాడే, ఆ మొద్దు మొహం ఒక్కసారి చూడాలనుంది.”

ఆవిడ మిషను ఆపి, కుట్టిన ప్యాంటు మడతపెడుతూ మెల్లగా అంది:

“నిరుడు వైరు చెడిపోతే డ్రైవే చచ్చిందని, ఒక్క పరీక్షా చెయ్యకుండా మీరు చెత్తబుట్టలో పడేసిందేనండీ ఇది.”