మూడో పేరు

సిస్టర్ల బడి గేటుకు తాళం చూసి వెనక్కి తిరిగింది నాహీద్. కోరుట్ల బస్టాండు ముందుకు రాగానే ఎవరో ఆమె సంచీ పట్టుకుని ఆపారు.

అక్కడ దీక్షా శిబిరం. సకల జనుల సమ్మె మొదటి రోజు. డేరా అంచున చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న ఒక ముసలామె.

"ఏ తరగతి బిడ్డా?"

"పదో తరగతి."

"ఏడికి పోతున్నవ్?"

"ఇంటికి. బడి బంద్."

"బడి బంద్ అన్నరు. సదువు బంద్ అని ఎవలన్నరు? కూసో. తియ్యి పుస్తకం."

శిబిరం నడుపుతున్న కండక్టర్ సమ్మయ్య నవ్వాడు.

"కిష్టవ్వా, ఇది దీక్ష. ట్యూషన్ గాదు."

"రేపు రాష్ట్రం అస్తది. గప్పుడు కాయితాలు ఎవలు సదువుతరు? నువ్వా? అద్దాలు లేంది టికెట్టు మీద అంకెలే నీకు కనవడయ్."

డేరా అంతా నవ్వింది. సమ్మయ్య జరిగి చోటిచ్చాడు.

నాహీద్ పుస్తకం ఆమె చేతికి అందించబోయింది.

"నాకెందుకు? గట్టిగ సదువు."

చదివింది.

"మల్ల సదువు. నడుమ తప్పు పోయినవ్."

చూసుకుంటే నిజంగానే తప్పు.

మూడో రోజుకు ఆరుగురయ్యారు. పదో రోజుకు ఇరవై మంది.

సైన్సు, ఇంగ్లీషు, సోషల్, ఏదైనా సరే. కిష్టవ్వ చేతులు ఆకు చుడుతూనే ఉండేవి. చెవులు మాత్రం పిల్లల మీదే. ఒక్క తప్పు కూడా దాటనిచ్చేది కాదు.

"నీకెట్ల తెలుస్తది అవ్వా?"

"తప్పు సదివెటప్పుడు గొంతు సన్నగైతది బిడ్డా."

పిల్లలు నవ్వేశారు. పుస్తకాలన్నీ ఆమెకు కంఠస్థమే అనుకున్నారు.

ఒకరోజు పోలీసులు వచ్చి డేరా గుంజలు పీకడం మొదలుపెట్టారు.

"లే అమ్మా, లే. దీక్షలు లేవు, ఏం లేవు."

కిష్టవ్వ కదల్లేదు.

"దీక్షల కూసున్నోళ్లను లేపున్రి సారూ. మేం పదో తరగతిల కూసున్నం."

"పర్మిషన్ ఉందా?"

"సదువుకు ఒకపారి పర్మిషన్ అడిగిన. ఇయ్యలే. గిప్పుడు అడుగుత లేను."

ఇన్‌స్పెక్టర్ పిల్లల వరసలు చూశాడు. డేరా గుడ్డ మాత్రం జీపులో వేయించుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు పాఠం ఎండలో సాగింది. సమ్మె ముగిసేదాకా, నలభై రెండు రోజులూ సాగుతూనే ఉంది.

ఏడాదిన్నర గడిచింది. రాష్ట్రం ఇంకా రాలేదు.

సిస్టర్ల బడి పాత విద్యార్థులు, కన్నుమూసిన ఇద్దరు టీచర్ల పేరు మీద స్మారక విద్యానిధి పెట్టారు. పేదింటి పిల్లల పై చదువుకు సాయం. మొదటి స్కాలర్‌షిప్ నాహీద్‌కే వచ్చింది. ఆ ఇద్దరి పేర్లూ పాలరాయి మీద చెక్కించాలి. ప్రిన్సిపాల్ సిస్టర్ రోసిలీ బల్ల మీద కాగితం సిద్ధంగా ఉంది.

"మూడో పేరు గూడ చెక్కియ్యున్రి సిస్టర్" అంది నాహీద్. "కిష్టవ్వ."

"ఎవరామె? ఎక్కడ టీచరు?"

"బస్టాండు కాడ."

"ఇది మన టీచర్ల జ్ఞాపకం నాహీద్. మన బడిలో ఆమె ఒక్కరోజైనా చెప్పిందా?"

"మన బడికి తాళమేసిన నలబై రెండు రోజులు చెప్పింది. గా ఏడు టెన్త్‌ల ఒక్కలు గూడ ఫెయిల్ గాలే. సభ పెట్టి మీరే చప్పట్లు కొట్టిచ్చిన్రు."

"ఏం చదువుకుంది ఆమె?"

"మేం అడగలే."

"అడగకుండా రాయి మీద ఎలా చెక్కిస్తాం?"

నాహీద్ స్కాలర్‌షిప్ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టింది.

"ఆమె పేరు లేని రాయి ముందట నేను నిలబడ."

"మీ నాన్న పంక్చర్ల దుకాణం మీద నీ పై చదువు సాగుతుందా?"

"సాగది. అయినా తీస్కోను."

సిస్టర్ ఉత్తరాన్ని మెల్లగా ఆమె వైపే జరిపి, పెన్ను అందుకున్నారు.

"సరే. ఇంటిపేరు చెప్పు. పూర్తి పేరు ఉండాలి."

నాహీద్ తలవంచుకుంది.

"తెల్వది సిస్టర్. అడుగుదామంటె ఇప్పుడు ఆమె లేదు. మొన్న శివరాత్రికి ముందే పాయె. మాకు ఎరుకయ్యేసరికే అంతా అయిపోయింది."

గుమ్మం దగ్గర టీ గ్లాసుతో నిలబడిన ఆయమ్మ ఖాసింబీ లోపలికి వచ్చింది. బడి పెట్టిన నాటి నుంచీ ఉన్న మనిషి.

"ఇంటిపేరు మన బీరువలనే ఉన్నది అమ్మా."

"మన దగ్గరా?"

ఖాసింబీ బీరువా అడుగు నుంచి ఒక కట్ట లాగి, దుమ్ము దులిపి బల్ల మీద పెట్టింది. ఎనభై తొమ్మిదో సంవత్సరం అడ్మిషన్ దరఖాస్తులు.

"సంతకాలు ఉన్నయి ఇడిసిపెట్టున్రి. వేలిముద్ర ఉన్న కాయితం ఒక్కటే ఉంటది."

సిస్టర్ ఒక్కో కాగితం తిప్పారు. ఒకచోట ఆగిపోయారు.

"కనవడదా సిస్టర్? జర గట్టిగ సదువున్రి" అంది నాహీద్.

"గుండేటి కిష్టవ్వ" అని చదివిన సిస్టర్ గొంతు, ఆ వేలిముద్ర పక్కన ఇరవై నాలుగేళ్ల కింద ఎర్ర సిరాతో తన చేత్తో తానే రాసిన ముక్క దగ్గరికి వచ్చేసరికి సన్నబడిపోయింది: "తల్లికి చదువు రాదు, ఇంట్లో చెప్పేవాళ్లు లేరు, పిల్లకు సీటు ఇవ్వలేము."