తిరగేసిన ఎక్స్‌రే

ఎక్స్‌రే తిరగేసి పెట్టి ఉంది.

గదిలో అడుగుపెట్టగానే అతని కళ్లు దానిమీదే పడ్డాయి. గోడమీద లైటు పెట్టె వెలుగుతోంది. దానికి తగిలించిన ఛాతీ ఫిల్ములో గుండె ఉండాల్సిన వైపు లేదు. వేలల్లో ఒకరికి గుండె కుడివైపునే ఉంటుంది, ఆ సంగతి అతనికి తెలియకపోలేదు. కానీ ఫిల్ము మూలన ఏది ఎడమో ఏది కుడో చెప్పే అక్షరం కూడా తిరగబడే ఉంది.

"కూర్చోండి," అంది సూపర్‌వైజరమ్మ, దరఖాస్తు మీంచి తలెత్తకుండా. ఆ ఆస్పత్రిలో రోగుల బండ్లు తోసేవాళ్లనీ నేల తుడిచేవాళ్లనీ పనిలో పెట్టుకునేది ఆవిడే. "పదో తరగతి. ఆ తర్వాత?"

"ఆ తర్వాత చదువు అబ్బలేదు మేడమ్."

ఆ అబద్ధం అల్లింది అతని బావమరిది. "ఊపిరితిత్తుల డాక్టరుగా పన్నెండేళ్లు చేశానని రాస్తే నీ చేతికి తుడుపుకర్ర ఎవడిస్తాడు బావా?" అంటూ చదువంతా ఒక్క గీతతో కొట్టిపారేశాడు. అతని మాటా నిజమే. ఇప్పటికి నాలుగు ఆస్పత్రులు, మీ చదువుకి ఈ పని తగదండీ అని మర్యాదగా సాగనంపాయి. పోనీ డాక్టరు పనే చేద్దామంటే ఈ దేశపు పరీక్ష పాసవ్వాలి. పరీక్షకి కూర్చోవాలంటే ఈ దేశపు ఆస్పత్రిలో ఏదో ఒక పని ఆరునెలలు చేసినట్టు కాగితం చూపించాలి. పరీక్షకి ఇంకా ఏడు నెలలుంది. వచ్చే ఏడాదికల్లా అతని పట్టా పాతబడిపోతుంది, ఆ తర్వాత పరీక్ష గుమ్మం కూడా తొక్కనివ్వరు. అందుకే బయల్దేరేటప్పుడు భార్య మరీ మరీ చెప్పి పంపింది. "అక్కడెవరైనా దగ్గితే దగ్గు అనండి. దానికి పేరు పెట్టకండి."

"ఈ దేశం ఎందుకొచ్చారు?" అడిగింది సూపర్‌వైజరమ్మ.

"అందరూ వస్తున్నారని."

ఆవిడ అప్పుడు తలెత్తింది. "అది అందరూ చెప్పే మాట. మీరెందుకొచ్చారు?"

ఉద్యోగం ఇచ్చే మనిషి అడిగినట్టు లేదు ఆ అడగడం. నిజంగానే తెలుసుకోవాలని ఉన్నట్టుంది. దాంతో అతని నోరు కాస్త జారింది.

"అక్కడ మిషన్లు పాడైతే బాగుచేయించే నాథుడు లేడు మేడమ్. మూడేళ్లు చేతులు ముడుచుకుని కూర్చున్నాం. వచ్చిన పని కూడా మర్చిపోతానేమోనని భయమేసింది."

"ఏం మిషన్లు?"

"నేల తుడిచేవి," అన్నాడు.

ఆవిడ అవునన్నట్టు తలాడించి ఏదో రాసుకుంది. ఇంతలో ఫోన్ మోగింది. "ఒక్క నిమిషం," అని బయటికి వెళ్లింది.

గదిలో అతనూ ఆ ఫిల్మూ మిగిలారు.

చూడకూడదనుకుని కిటికీ వైపు తిరిగాడు. కిటికీ అద్దంలోనూ అదే కనిపించింది. కళ్లు మూసుకున్నాడు. మూసుకున్నా లాభం లేకపోయింది, చూడాల్సినదంతా అప్పటికే చూసేశాడు. ఎడమ ఊపిరితిత్తి అడుగున నీరు చేరింది. ఫిల్ము తిరగేసి ఉంది కాబట్టి కుడివైపు ఉన్నట్టు కనిపిస్తోంది. ఎవరో ఒకరు హడావుడిగా వచ్చి, ఒక చూపు చూసి, వెళ్లి నీరు తియ్యడానికి కుడిపక్క సూది దించితే?

నీకెందుకు, నువ్వు పదో తరగతి, అని తనకి తనే చెప్పుకున్నాడు. వాళ్ల డాక్టర్లు వాళ్లకి లేరా? ఆరునెలలు కళ్లు మూసుకుంటే చాలు.

మరి ఆ రోగి?

లేచాడు. గబగబా ఫిల్ము తీసి, తిప్పి తగిలించి, ఒక అడుగు వెనక్కి వేసి చూసుకుని, గుమ్మం వైపు తిరిగాడు.

గుమ్మంలో సూపర్‌వైజరమ్మ నిలబడి ఉంది.

"అక్షరం తిరగబడి ఉందండి," అన్నాడు తడబడుతూ. "పదో తరగతివాడికి ఆమాత్రం అక్షరాలు తెలుసు కదా."

"అక్షరం చూసినవాళ్లు నాతో చెబుతారు," అంది ఆవిడ. "మీరు రెండు వేళ్లతో అంచులు పట్టుకుని, మధ్యలో చెయ్యి తగలకుండా తీశారు. తగిలించాక ఒక అడుగు వెనక్కి వేసి, ముందు గుండె చూశారు. ఎన్నేళ్లు చేశారు?"

ఇంకా దాచి లాభం లేదు. "పన్నెండు. ముందు ఆ రోగి సంగతి చూడండి మేడమ్. నీరు ఎడమవైపు ఉంది."

"ఆ రోగి ఎప్పుడో నయమై ఇంటికెళ్లిపోయాడు. ఇంటర్వ్యూలప్పుడు మాత్రమే దీన్ని తగిలిస్తాం." ఆవిడ కూర్చుని అతని దరఖాస్తు మడిచింది. "చదువు దాచుకుని వచ్చే డాక్టర్లు ఆరునెలలు కాగానే కాగితం పట్టుకుని పోతున్నారు. అలాంటివాళ్లని పెట్టుకోవద్దని పైవాళ్ల ఆర్డరు. ఇవాళ మీరు మూడోవారు."

అతను లేచాడు. భార్యకి ఏం చెప్పాలో తోచలేదు. గుమ్మం దాకా వెళ్లి ఆగిపోయాడు. ఉద్యోగం ఎలాగూ పోయింది, ఈ ఒక్క అనుమానమైనా తీర్చుకుని పోదామనిపించింది.

"మేడమ్, దాన్ని తిరగేసి పెట్టాలంటే సరిగ్గా పెట్టడం తెలిసుండాలి కదా. మీకెవరు నేర్పారు?"

సూపర్‌వైజరమ్మ లైటు పెట్టె దగ్గరికి వెళ్లి, రాబోయే మనిషి కోసం ఫిల్ముని మళ్లీ తిరగేసింది.

"నేనూ ఊపిరితిత్తుల డాక్టర్నే," అంది. "తొమ్మిదేళ్ల కిందట మీ కుర్చీలో కూర్చున్నప్పుడు, నేను లేవలేదు."