వెనక సీటు

"ఏవండీ, ఆ సైకిలాయన కూడా మనల్ని దాటేశాడు."

"దాటనీ. ఆయనకేం తొందరో."

కిందటేడు వరకూ ఈ కారు దర్జీ చేతిలో గాలిలో పోయేది. ఇప్పుడు నత్తతో పందెం వేసినా గెలవదు.

రోడ్డుకి రెండు పక్కలా ఆవచేలు పసుపు ఆరబోసినట్టు పూశాయి. దర్జీ భార్య కిటికీ అద్దం పైకెత్తేసింది.

"ఈ చేలకి సిగ్గు లేదు. ఏమీ జరగనట్టే మళ్ళీ పూశాయి."



వెనక సీటులో ఒక దిండు ఉంది. దాని గలీబు ఆయన కుట్టిందే. కూతురు దాని మీద తల పెట్టి, కాళ్ళు కిటికీలోంచి బయటికి చాపి పడుకునేది. "కాళ్ళు లోపల పెట్టవే" అని తల్లి అరవడం, ఆ పిల్ల వినకపోవడం మామూలే.

కిందటేడు ఇదే రోజున ఆ పిల్ల స్కూటర్ మీద వెళ్తూ, ముందున్న కల్వర్టు మలుపులో పడి చనిపోయింది. అప్పటినుంచి ఆ సీటులో ఎవరూ కూర్చోలేదు. చుట్టాలొస్తే ఆటో ఎక్కాల్సిందే. కూరగాయల సంచీ కూడా తల్లి ఒళ్ళోనే.

ఆ మలుపుని చూసే ధైర్యం ఇన్నాళ్ళకి వచ్చింది ఇద్దరికీ.

టీ కొట్టు దాటాక, మైలురాయి మీద కూర్చున్న ఒక ముసలాయన చెయ్యి ఊపాడు.

దర్జీ కారు ఆపాడు.

ముసలాయన నెత్తిన వల వేలాడే టోపీ, బట్టల నిండా పొగ వాసన. తేనెటీగలు పెంచేవాడని చూస్తేనే తెలుస్తోంది.

"అయ్యా, ఒంట్లో బాగోలేదు. ముందున్న ఊళ్ళో డాక్టరు దగ్గర దింపేస్తారా?"

దర్జీ తన భార్య వంక చూశాడు.

"సీటు లేదు" అంది ఆమె.

ముసలాయన లోపలికి తొంగిచూశాడు.

"వెనక ఖాళీగానే ఉంది కదమ్మా?"

"ఖాళీ కాదు. అది మా అమ్మాయి సీటు."

"ఓహో, అమ్మాయిని తెచ్చుకోడానికి వెళ్తున్నారా? అయితే సరే తల్లీ. నేను ఇంకో బండి చూసుకుంటాలే." పక్కకి జరిగి, మళ్ళీ వంగాడు. "ఆ కల్వర్టు దగ్గర మాత్రం జాగ్రత్త. మంచి మలుపు కాదది."

ఆయన చెయ్యి గుండెల మీద ఉంది. దర్జీ చూశాడు. చూసి కూడా గేరు మార్చాడు.

కాస్త దూరం పోయాక అన్నాడు.

"ఎక్కించుకోవాల్సిందేమో. పెద్దాయన."

"ఆ పొగ కంపు దిండుకి పట్టిందంటే వదలదు. అమ్మాయి తలనూనె వాసన ఇంకా కొంచెం ఉందండీ. అదీ పోతే ఇంక నాకేముంది?"

దర్జీ మలుపు దగ్గర కారు ఆపాడు.

కల్వర్టు గోడకి కొత్తగా సున్నం వేశారు. మచ్చ కూడా మిగల్లేదు. ఆమె ఆ గోడని చేత్తో తడుముతూ కూలబడింది.

"నొప్పి పడిందంటారా?"

"నాకేం తెలుసు?"

"నన్ను పిలిచే ఉంటుంది. వేలికి సూది గుచ్చుకుంటేనే అమ్మా అని వీధి వీధంతా లేపేది. ఏమందో, ఎలా పోయిందో... ఆ ఒక్కటీ తెలిస్తే నిద్రైనా పడుతుంది."

"దాన్ని ఆసుపత్రికి చేర్చిన మనిషిని ఎంత వెతికాం! పేరైనా చెప్పకుండా వెళ్ళిపోయాడు మరి."

"ఒక్కసారి కనబడితే చాలు. నెత్తిన పెట్టుకుంటాను."

ఎండ ఎక్కేదాకా అక్కడే కూర్చున్నారు. ఏడవడానికి వచ్చారు కానీ ఏడుపు కూడా రాలేదు.

తిరిగొస్తుంటే టీ కొట్టు ముందు పదిమంది మూగి ఉన్నారు.

బల్ల మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. ఆయన టోపీ వల ఆయన మొహం మీదే కప్పారు.

"ఎప్పుడు?" అన్నాడు దర్జీ.

"ఇందాకే బాబూ. ఆ రాయి మీదే ఒరిగిపోయాడు" అంది టీ కొట్టావిడ. "ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపిస్తే గానీ కాగితం ఇవ్వరట. పోయిన మనిషని ఏ బండివాడూ ఎక్కించుకోవడం లేదు."

అందరూ కారు వంక చూశారు.

దర్జీ కదల్లేదు. ఆయన భార్యే దిగి, వెనక తలుపు తీసింది. దిండు తీసి ముందు సీటులో పెట్టింది. ఏడాది తర్వాత మొదటిసారి ఆ సీటులో కూర్చుంది.

"ఎక్కించండి. తల నా ఒళ్ళో పెట్టండి."

"మీకెందుకమ్మా అంత శ్రమ?"

"వెళ్ళేటప్పుడు మమ్మల్నే అడిగాడు. కాదన్నది నేనే."

నలుగురు కలిసి ముసలాయన్ని ఎక్కించారు. టీ కొట్టావిడ కిటికీ పట్టుకుని నిలబడింది.

"ఈయన వాళ్ళకి కబురు చెయ్యాలి కదా. ఎవరున్నారు?" అని అడిగింది దర్జీ భార్య.

"ఎవరూ లేరమ్మా. ఎక్కడ పూలు పూస్తే అక్కడికి పెట్టెలు మోసుకుపోయే మనిషి. ఈ ఏడు మాత్రం పూత రాకముందే వచ్చేశాడు. ఎందుకయ్యా ఇంత తొందరంటే, ఒకావిడ కోసం అన్నాడు."

"ఎవరావిడ?"

"ఎవరో ఆయనకీ తెలీదు. కిందటేడు ఆ మలుపులో ఒక పిల్ల స్కూటర్ మీంచి పడింది. ఎవరిదో బండి ఆపి ఎక్కించుకున్నాడు గానీ, దారిలోనే పోయింది, ఇదిగో ఇలాగే, ఈయన ఒళ్ళో తల పెట్టుకుని. ఆసుపత్రిలో పోలీసులు గదమాయిస్తే భయపడి వచ్చేశాడట. ఏడాదంతా అదే దిగులు."

దర్జీ చెయ్యి తాళం మీదే ఆగిపోయింది.

"పోతూ పోతూ ఆ పిల్ల వాళ్ళమ్మకి చెప్పమని ఏదో మాట చెప్పిందట. అదేమిటయ్యా అని మేం ఎంత అడిగినా, 'వాళ్ళమ్మ చెవిలో తప్ప ఎవరికీ చెప్పను' అనేవాడమ్మా."