జ్వరం సెలవు

రొయ్యల ఫ్యాక్టరీ దొరల్లారా, జ్వరమొచ్చిన పిల్లలకు సెలవివ్వకుండా, గేటు దగ్గరే స్టెరాయిడ్ సూది పొడిపించి, పాతికేళ్ళకే వాళ్ళ తుంటి ఎముకలు చచ్చేలా చేసింది మీరే!

మీ పుణ్యమా అని కాకినాడ బస్సుల్లో ఇప్పుడు ముందు సీట్లు కుర్రకారువి. ముసలివాళ్ళు నిలబడతారు. ఇరవై మూడేళ్ళ నూకరత్నం ఆ సీట్లోనే తలదించుకుని కూర్చుంది. పక్కనే కడ్డీ పట్టుకుని, ఎడమకాలి మీద బరువు వేయకుండా నిలబడింది తల్లి పైడమ్మ. ఆ కాల్లోంచి తీసిన ఎముక ముక్కనే కూతురి తుంటిలో అతికించారు. ఆపరేషన్ తర్వాత నూకరత్నం మళ్ళీ ఫ్యాక్టరీ పనికి వెళ్ళడం ఈరోజే మొదలు; తల్లి తోడుగా వచ్చింది.

"నువ్వు కూర్చోమ్మా."

"చాల్లేవే. నీ తుంటి పచ్చి ఇటుక, నా ఒళ్ళు కాలిన ఇటుక," అని నవ్వింది పైడమ్మ.

ఫ్యాక్టరీ గేటు దగ్గర, నూకరత్నం వంతు రాగానే జ్వరం చూసే యంత్రం కూసింది. నర్సు సూది తీసింది.

"చెయ్యి చాపు. గంటలో జ్వరం పోద్ది. వద్దంటావా, పని పోద్ది."

మళ్ళీ ఆ సూది పడితే అతికించిన ఎముక కూడా చస్తుందని డాక్టరు చెప్పాడు. అయినా అలవాటుకొద్దీ నూకరత్నం చెయ్యి లేచింది. అంతలో పైడమ్మ జాకెట్టు చెయ్యి పైకి లాక్కుని ముందుకొచ్చింది.

"నాకు పొడువమ్మా. దాని తుంటిలో ఉన్నది నా ఎముకే కదా!"

వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. నూకరత్నం సిగ్గుతో చచ్చిపోయింది. లేచిన చేత్తోనే సూదిని పక్కకు తోసేసి, వరుసకేసి తిరిగింది.

"ఎవరూ చెయ్యి చాపకండి! ఇంకెంతమంది అమ్మల కాళ్ళు కోయిస్తాం? సూది ఆపాలి. జ్వరమొస్తే జీతంతో సెలవియ్యాలి. ఇవాళే, మనం ఈ గేటు దాటకముందే!"