మళ్లీ వినాలంటే

పొద్దున్నే మబ్బు పట్టింది. చినుకు మాత్రం రాలలేదు. ఎండా కాయక, వానా కురవక ఆకాశం ఎటూ తేల్చుకోకుండా ఉంది.

మెకానిక్ వచ్చేసరికి పెద్దాయన గుమ్మంలోనే ఎదురుచూస్తున్నాడు.

"నిన్నటినుంచి చల్లబడటం లేదు అబ్బాయ్. పాలు విరిగిపోయాయి."

హాల్లో భోజనాల బల్ల పక్కన ఉంది ఫ్రిజ్. మెకానిక్ దాన్ని ముందుకు లాగి, వెనక చేరి, కంప్రెసర్ మీద అరచెయ్యి ఆనించాడు. కాలిపోతోంది. టిక్కుమని చప్పుడు, కాసేపు మూలుగు, మళ్లీ టిక్కు. అంతే, ఇంక ఉలుకూ పలుకూ లేదు. ప్లగ్గు పీకి, కంప్రెసర్‌కి అతుక్కుని ఉన్న చిన్న నల్లడబ్బీని ఊడదీసి చెవి దగ్గర ఆడించాడు. లోపల ముక్కలు గలగలమన్నాయి.

"రిలే పోయింది బాబాయ్‌గారూ. కంప్రెసర్‌ని తట్టి లేపేది ఇదే. పెద్ద జబ్బేం కాదు. నా సంచిలో ఉంది, ఇప్పుడే వేసేస్తా."

"వద్దు. కంపెనీదే తెప్పిస్తాను. ఫోన్ చేస్తా."

"ఆ నంబరుకా? అందులో మనిషి దొరికేసరికి గడ్డం నెరుస్తుంది. మీకెలాగూ నెరిసిందనుకోండి."

పెద్దాయన నవ్వలేదు.

స్క్రూడ్రైవర్ కోసం వంగిన మెకానిక్‌కి పక్కనున్న గూడు కనిపించింది. నిండా కంపెనీ అట్టపెట్టెలు. తలుపు రబ్బర్లు, గుడ్లు పెట్టుకునే ట్రేలు, లోపలి బల్బులు. ఒక్కదానికీ టేపు కూడా విప్పలేదు.

"ఇన్ని రబ్బర్లా? మీ ఫ్రిజ్‌కి ఎన్ని తలుపులున్నాయి బాబాయ్‌గారూ?"

"అవసరానికి ఉంటాయని."

"ఆయనకదో అలవాటు బాబూ," అంది వంటింట్లోంచి ఆయన భార్య. "ఆ ఫోను పట్టుకున్నారంటే ఏదో ఒకటి తెప్పించందే వదలరు."

వయసు మీద పడితే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకున్నాడు మెకానిక్. జాలేసింది. పెద్దవాళ్లు, చెప్పకపోతే బాగుండదని చెప్పేశాడు.

"చేసేదేదో ఇవాళే చేసుకోండి. రేపటినుంచి ఆ నంబరుండదు. అంతా యాప్‌లోనేనట. మాకు కబురొచ్చింది."

పెద్దాయన చేత్తో కుర్చీ తడుముకుని కూర్చున్నాడు. వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది.

"ఉండదంటే?" ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "వేరే నంబరిస్తారా?"

"మొత్తానికే తీసేస్తారు పిన్నిగారూ. ఆ రికార్డు గొంతూ ఉండదు, ఆ నసా ఉండదు. పీడా విరగడైపోతుంది."

ఆలూమగలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పెద్దాయన బల్ల మీది పాత ఫోన్‌ని దగ్గరికి లాక్కున్నాడు. అంకెల వంక చూడకుండానే నంబరు నొక్కి, స్పీకర్ పెట్టాడు.

"నమస్కారం," అంది ఆడగొంతు. "ఫ్రిజ్ చల్లబడకపోతే ఒకటి నొక్కండి. నీళ్లు కారుతుంటే రెండు నొక్కండి. చప్పుడు వస్తుంటే మూడు నొక్కండి. విడిభాగాలు కావాలంటే నాలుగు నొక్కండి. మళ్లీ వినాలంటే తొమ్మిది నొక్కండి."

పెద్దాయన తొమ్మిది నొక్కాడు.

"నాలుగు, బాబాయ్‌గారూ."

"సరిగా వినపడలేదు."

ఆ గొంతు మళ్లీ అంతా అప్పజెప్పింది. పెద్దాయన వేలు మళ్లీ తొమ్మిది మీదికే పోయింది.

ఇది ఇప్పట్లో తెమిలేది కాదనిపించింది మెకానిక్‌కి. "కంపెనీది వచ్చేదాకా నాది వాడుకోండి. ఇంట్లో సరుకంతా పాడైపోతుంది," అని సంచిలోంచి రిలే తీసి బిగించసాగాడు. చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయే కదా.

"ఈ పిల్లకెవరికో ఇది రికార్డు చేసిన రోజు జలుబు చేసినట్టుంది," అన్నాడు నవ్వుతూ. "ముక్కుతో మాట్లాడుతోంది చూడండి."

"ఆఫీసుకెళ్తూ వానలో తడిసుంటుంది," అంది ఆవిడ. "గొడుగు పట్టుకెళ్లమంటే వింటారా ఈ కాలం పిల్లలు."

మెకానిక్ ప్లగ్గు పెట్టాడు. టిక్కుమంది. ఈసారి ఆగిపోలేదు. సన్నటి రొదతో కుదురుగా నడవడం మొదలెట్టింది.

"అయిపోయింది. ఇంక పెట్టేయండి ఫోను."

పెద్దాయన ఆ మాటే వినిపించుకోలేదు. చల్లబడకపోతే ఒకటి అంటోంది గొంతు. చల్లబడుతూనే ఉంది ఫ్రిజ్. ఆయన వేలు మాత్రం తొమ్మిది దగ్గరే కాచుకుని ఉంది.

పాపం, ఎలా ఆపాలో తెలియడం లేదేమో అనుకున్నాడు మెకానిక్. చేతులు తుడుచుకుని, తనే ఫోన్ కట్టేయబోయాడు. ఆవిడ చటుక్కున అతని మణికట్టు పట్టుకుంది. తడి చెయ్యి.

"ఉండనీ బాబూ. నువ్వూ కూర్చో. అన్నం పెట్టేస్తాను."

ఆవిడ కంచాలు వేసింది. కూరగిన్నె పక్కకి జరిపి, మధ్యలో ఫోన్‌కి చోటు చేసింది. మెకానిక్‌కి ఏమీ అర్థం కాలేదు. అడగబోయాడు. పెద్దాయన మొహం చూసి, అడగాల్సిన మాటని ముద్దతోపాటు మింగేశాడు.

పెద్దాయన కుడిచేత్తో అన్నం కలుపుతున్నాడు, ఎడమచేత్తో తొమ్మిది నొక్కుతున్నాడు. కలిపిన అన్నం కలిపినట్టే ఉంది. కాసేపటికి ఆవిడ ఆయన చేతిని మెల్లిగా పక్కకి జరిపి, ఈసారి తను నొక్కింది.

ముగ్గురూ కంచాల ముందు తలలు వంచుకుని కూర్చుంటే, కిందటేడు పోయిన ఆ ఇంటి అమ్మాయి మళ్లీ మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.