బస్సు వచ్చే ఊరు

"ఇల్లు సగం ధరకే ఇస్తున్నాడంటే ఇందులో ఏదో లొసుగుంది. నేను ఒప్పుకోను గాక ఒప్పుకోను," అంది డ్రైవరు భార్య, గుమ్మం దగ్గరే ఆగిపోయి.

"మెల్లగా మాట్లాడు. ఇంటాయన లోపలే ఉన్నాడు."

"ఉండనీ. వినబడాలనే అన్నా."

డ్రైవరు తల గోక్కున్నాడు. వచ్చే నెలాఖరుకి రిటైరవుతాడు. ఆ రోజే క్వార్టరు తాళాలు ఇచ్చెయ్యాలి. ఇన్నేళ్లు బండి తోలించుకున్నవాళ్లు ఒక్క రోజు కూడా ఎక్కువ ఉండనివ్వరు, అది రూలంట. సిటీలో అద్దె కడితే ఇక పింఛనులో మందులకి కూడా మిగలదు. వాళ్ల తాహతుకి దొరికేది కొండ మీదున్న ఈ చిన్న ఊరే. చిక్కల్లా ఆమె కిడ్నీలతోనే. వారానికి రెండుసార్లు కొండ దిగి సిటీ ఆసుపత్రిలో డయాలసిస్ చేయించుకోవాలి. ఒక్కసారి తప్పితే కాళ్లూ మొహం పొంగిపోతాయి. రెండోసారి తప్పితే ఏమవుతుందో డాక్టరు చెప్పాడు గానీ, వాళ్లిద్దరూ ఇంట్లో ఆ మాట ఎత్తరు.

"బస్సుందిగా!" అన్నాడు డ్రైవరు. "పొద్దున ఎక్కుతావు, సాయంత్రం అదే బస్సులో ఇంటికొస్తావు. రిటైరైనా ఇద్దరికీ పాసు ఇస్తారు. ఇంకేం కావాలి?"

"ఆ బస్సు రాకపోతే?"

"రాకపోవడమా?"

ఆయనకి నవ్వొచ్చింది. వీధి చివర ఆ బస్సే ఇంజను చల్లార్చుకుంటూ నిలబడి ఉంది. తిరుగు ట్రిప్పుకి ఇంకా కాస్త టైముంది కదా అని భార్యని వెంటబెట్టుకొచ్చాడు.

"వానలకి కొండచరియ విరిగి రోడ్డు మీద పడింది. బస్సు ఆగిందా? పైవాళ్లు నష్టం, నష్టం అని మొత్తుకున్నారు. ఆగిందా? నన్నడుగు, తోలేది నేనే."

ఆ మాట అబద్ధం కాదు. జన్మలో బస్సెక్కని పెద్దమనుషులకే ఏ బస్సు ఖాళీగా పోతోందన్న లెక్క కావాలి. వాళ్లతో ఏటా గొడవపడి ఈ రూటుని నిలబెట్టింది ఆయనే. ఆ కొండ మలుపుల పేరు చెబితే చాలు, కుర్ర డ్రైవర్లకి కడుపునొప్పి వచ్చేది. దాంతో ఆ రూటు ఈయనకే అంటుకుపోయింది. వారానికొచ్చే సెలవు కూడా వదులుకుని తోలాడు. అది చెప్పుకోవడం ఆయనకి మహా ఇష్టం.

"తోలేది నువ్వే, కాదన్లేదు," అందామె. "బస్సు కోసం స్టాపులో ఎప్పుడన్నా నిలబడ్డావా?"

ఆయన వినపడనట్టు గోడ మీద చెయ్యేసి తట్టి చూశాడు. గోడ గట్టిగానే ఉంది.

మెడలో టేపు వేలాడేసుకుని ఇంటాయన బయటికొచ్చాడు. టైలరు. ఇందాక బస్సు మీద నుంచి దింపుకున్న బట్టల మూట ఇంకా విప్పనే లేదు.

"బయటే నిలబడ్డారేంటి డ్రైవరన్నా? రా అక్కా, అంతా చూసుకో. దాచేదేం లేదు."

ఆమె మొహమాటపడలేదు. కొళాయి తిప్పి నీళ్లు రుచి చూసింది. తూము దగ్గర ముక్కుపెట్టింది. కప్పు కింద మరకలున్నాయేమో అని ప్రతి గదిలోనూ మెడ విరిగేలా చూసింది. పక్కింటామెని గోడ మీద నుంచే పిలిచి, దొంగల భయం ఉందా, మొగుడూపెళ్లాల గోల ఉందా అని ఆరా తీసింది.

"దయ్యాలేమన్నా ఉన్నాయా?"

"ఉంటే అద్దె వసూలు చేసేవాణ్ణి కదక్కా!"

ఆమెకీ నవ్వొచ్చింది. ఇల్లు నచ్చిందని ఆ నవ్వులోనే డ్రైవరుకి తెలిసిపోయింది. కానీ కిటికీ దగ్గరికెళ్లి మళ్లీ మొహం ముడుచుకుంది.

"ఎదురింటికి అమ్మకం బోర్డు. దాని పక్కదానికీ బోర్డే. ఆ టీకొట్టుకి కూడా. ఊరు ఊరంతా అమ్ముకు పోతున్నట్టుందేంటయ్యా?"

"మన టైము బాగుందే. పొద్దున కండక్టరుకి ఇల్లు కొంటున్నానని చెప్తే నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు పాపం. కుళ్లు!"

"కుళ్లేనా?"

"మరి? నా మొహం కూడా చూడకుండా టికెట్లు కొట్టుకుంటూ వెనక్కి పోయాడు."

వీధి చివర నుంచి కండక్టరు విజిల్ వినిపించింది. డ్రైవరు జేబులోంచి అడ్వాన్సు కవరు తీసి భార్య చేతికిచ్చాడు. నీ చేత్తోనే ఇవ్వు అన్నట్టు తలూపాడు. ఆమె కవరు టైలరు ముందుకి చాపింది గానీ, వేళ్లు వదల్లేదు.

"తమ్ముడూ, కడుపులో మాట చెప్పు. ఇంత మంచి ఇల్లు ఎందుకమ్ముతున్నావు?"

టైలరు కవరు వైపు చూశాడు. తర్వాత డ్రైవరు మొహంలోకి చూశాడు. కవరు అందుకోబోయిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"అదేంటక్కా, అన్న చెప్పలేదా? సొంత కారు కొనుక్కుని వస్తున్నారనుకున్నానే!"

"నేనేం చెప్పాలయ్యా?" అన్నాడు డ్రైవరు.

"నీ తర్వాత ఈ కొండెక్కడానికి ఒక్క డ్రైవరూ ఒప్పుకోలేదంటగా అన్నా... నువ్వు దిగిపోయిన రోజే బస్సు ఎత్తేస్తున్నారని మీ కండక్టరే ఊరంతా చెప్పాడు!"