బాన నిండేదాకా

"ఇదా పల్లె? మా మిల్లులో గోనెసంచుల కొట్టు దీనికన్నా నయం" అన్నాడు విజయభాస్కర్.

కోవూరులో రైసుమిల్లు ఉన్న మనిషాయె. వెలుగొండల అంచున నాలుగు మొండిగోడలు ఆయన కంటికి ఎక్కడ ఆనతాయి!

డాక్టరు నడవమన్నాడు. భార్య రేవతి పోరు పెట్టింది. కాలేజీలో పాఠాలు చెప్పే జడ్సన్ దారి చూపిస్తానన్నాడు. సరేనని కారు తారురోడ్డు మీద వదిలేసి, ముగ్గురూ పొద్దున్నే పొలాలకడ్డం పడి ఇంతదూరం వచ్చారు.

ఒకప్పుడు గొర్రెల మందలు ఈ కొండ చుట్టూ తిరిగేవని జడ్సన్ చెప్పాడు. ఆ బాటనే పట్టుకుని పోతే మరో రెండు పల్లెలు తగులుతాయట. సాయంత్రానికి తిరిగి ఇక్కడికే వస్తారట. కాపర్లు ఒకరిద్దరు తప్ప అంతా గొర్రెలమ్ముకుని ఏనాడో కిందికి దిగిపోయారట.

గొర్రెలు నడిచిన దారిలో నడిచే యోగం కూడా పట్టిందా తనకు అని విజయభాస్కర్ నవ్వాడు.

వేపచెట్టు కింద ఒక బాన ఉంది. దానిమీద మూత, మూత మీద కొబ్బరిచిప్ప. నీళ్లు చల్లగా ఉన్నాయి. రేవతి ఆవురావురుమంటూ తాగింది. సీసాలు నింపుకున్నారు. మిగిలిన నీళ్లతో విజయభాస్కర్ బూట్ల బురద కడుక్కుని, ఆఖర్న బాన వంచి మొహం మీద కుమ్మరించుకున్నాడు.

సాయంత్రం మళ్లీ ఇక్కడికే వస్తాం, కాసిని ఉంచన్నా అని జడ్సన్ అడ్డుపడ్డాడు. పంచాయతీవాళ్లు కూలికి మనిషిని పెట్టి పోయిస్తుంటారు, పోనీలే అని ఆయన కొట్టిపారేశాడు.

దారి పొడుగునా ఆయన నోరు ఊరుకోలేదు. రెండో పల్లెలో అరుగు మీద కూర్చున్న మేకను చూసి, ఇక్కడ సర్పంచి ఇదేనా అన్నాడు. రేవతికి నవ్వు రాలేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. రేవతీ జడ్సనూ ముందు పోతున్నారు. విజయభాస్కర్ వెనకబడ్డాడు.

ఎదురుగా ఒక ముసలావిడ వచ్చింది. నెత్తిన చుట్టకుదురు, దానిమీద ఇత్తడి కడవ. కాళ్లకు చెప్పుల్లేవు. సన్నటి బాట కావడంతో బండకు ఆనుకుని ఆయనకు దారి ఇచ్చింది.

కడవ దించమన్నాడు. దాహం కాబోలనుకుని దించింది.

ఆయన తల తడుపుకున్నాడు. చేతిరుమాలు తడుపుకున్నాడు. ఆపైన బూట్లు ముందుకు చాపి కడవ వంచాడు.

"అవి తాగే నీళ్లు నాయనా" అందామె.

"నీ కూలి నీకొస్తుంది గదా. ఇంకో కడవ తెచ్చుకో."

ఆమె మాట పెంచలేదు. కింది పల్లెలో బాన ఎట్లా ఉందని మాత్రం అడిగింది. ఖాళీ చేసేశామని ఆయన చెప్పాడు.

"ఎంతమంది వచ్చినారు?"

"ముగ్గురం. ఏం?"

"మళ్లా చుట్టు తిరిగి ఆ వేపచెట్టుకాడికేనా వచ్చేది?"

"అక్కడికే. నీకెందుకు?"

ఆమె ఖాళీ కడవ చంకనెత్తుకుని పక్కలోయలోకి దిగిపోయింది. లోయ అడుగున ఎక్కడో ఊట ఉంది కాబోలు. పని చెప్పేసరికి ఈ జనానికి మొహం మాడుతుందని విజయభాస్కర్ సణుక్కుంటూ ముందుకు నడిచాడు.

మూడో పల్లెలో అన్నీ తాళాలే. సీసాలు అడుగంటాయి. ఆ తర్వాత రేవతి నడక తడబడింది. మాట ముద్దయింది. ఒంటికి చెమట పట్టడం మానేసింది. ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని వేపచెట్టుదాకా ఈడ్చుకొచ్చారు.

బాన ఎండిపోయి ఉంది.

విజయభాస్కర్ చిప్పతో అడుగు గీకాడు. మూసిన తలుపులన్నీ బాదాడు. ఒళ్లో తల పెట్టుకుని రేవతీ, రేవతీ అంటూ చెంపలు తట్టాడు. ఆమె పలకలేదు. అంత పెద్దమనిషికీ ఏడుపొచ్చింది.

అంతలో పోలేరయ్య అనే కాపరి తనకున్న నాలుగు గొర్రెలనూ తోలుకుంటూ దిగివచ్చాడు. సంగతి చూసి తన సీసాలో మిగిలిన నీళ్లు రేవతి నోట్లో పోశాడు. తలపాగా తడిపి నుదుటి మీద పరిచాడు. కాసేపటికి ఆమె కళ్లు తెరిచింది.

ఆమెకు ప్రాణం రాగానే విజయభాస్కర్‌కు నోరొచ్చింది. నీళ్లు పొయ్యకుండా కూలి తింటున్న ఆ ముసలిదాన్ని రేపే పనిలోంచి తీయిస్తానన్నాడు.

"కూలేంది సార్? ఎవురిస్తారు?" అన్నాడు పోలేరయ్య. ఆమె పేరు వెంకటశేషమ్మ అనీ, ఈ పల్లెలో మిగిలిన మనిషి ఆమె ఒక్కతేననీ చెప్పాడు. ఆమె మొగుడు మందను తోలుకొస్తూ గుక్కెడు నీళ్లు దొరక్క ఈ బాటలోనే పోయాడట. అప్పటినుంచీ దారిన పోయేవాళ్ల కోసం ఈ బాన నింపుతోందట. "మధ్యాన్నానికే పోసేసి ఇంట్లో ఉండాల. ఈ పొద్దు ఇంకా రాలేదే!"

విజయభాస్కర్ తన బూట్లవంక చూసుకున్నాడు. శుభ్రంగానే ఉన్నాయి.

రేవతి దగ్గర జడ్సన్‌ను ఉంచి, పోలేరయ్యతోపాటు కొండ ఎక్కాడు.

లోయ గట్టెక్కే చోట కడవ కనిపించింది. తొణక్కుండా బండమీద దించి ఉంది. మూతికి తడిగుడ్డ కట్టి ఉంది. లోపల అంచుదాకా నీళ్లు. పక్కనే ఆమె ఒరిగిపోయి ఉంది. ఒక చెయ్యి ఇంకా కడవ మీదే ఉంది.

పోలేరయ్య ఆమె ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాడు. ఆ వేలు అక్కడే చాలాసేపు ఉంచాడు. తర్వాత తీసేశాడు.

పగుళ్లిచ్చిన ఆ పెదాలను విజయభాస్కర్ వంగి చూశాడు.

"ఇన్ని నీళ్లు పక్కన పెట్టుకుని... ఒక్క గుక్క తాగలేదేం, పిచ్చిది?"

"బాన నిండేదాకా తాను తాగదు సార్" అన్నాడు పోలేరయ్య. "మొగుడు పోయిన కాణ్ణించీ ఆమెకు అది మొక్కు."